ఆరేళ్ల పిల్లకు బండి కావాలా: సాగర్ నుంచి ఫిల్మ్ సిటీ దాకా

శుక్రవారం, నల్లగొండ

ముందు నాగార్జునసాగర్, తర్వాత ఒక రోజు ఇంటిపట్టున, ఆ తర్వాత రామోజీ ఫిల్మ్ సిటీ. క్రిస్మస్ సెలవులకు మేం వేసుకున్న ప్లాన్ ఇది. రూములు, కారు, దారిలో టిఫిన్లు అన్నీ తేలాయి గానీ, డిక్కీలో స్ట్రోలర్‌కు, అదే పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండికి, చోటివ్వాలా వద్దా అనే దగ్గర ఇంట్లో పంచాయితీ మొదలైంది.

స్ట్రోలర్ మా వదినది, అంటే మా ఆయన అక్కది. డాలస్ నుంచి కూతురితో పాటు దాన్నీ తెచ్చుకుంది. విమానం గేటు దాకా పిల్లను అందులోనే తోసుకుపోయి, అక్కడ మడిచి ఇచ్చేస్తే దిగాక మళ్లీ చేతికిస్తారట, విడిగా డబ్బులు కట్టే పని లేదట. మేనకోడలికి ఆరేళ్లు. మా పెద్దదానికి ఎనిమిది, చిన్నోడికి ఐదున్నర. నడక వచ్చిన పిల్లలు మళ్లీ బండెక్కడం మా ఇంటా వంటా లేదు. అత్తమ్మ మొహమాటం లేకుండా అనేసింది.

"గింత పెద్ద పిల్లకు బండేందే? సూసేటోళ్లు పిల్లకు కాళ్లల్ల ఏమన్న అయిందా అనుకుంటరు."

"అక్కడ ఏడేళ్ల పిల్లలు గూడ కూసుంటరమ్మా. ఎవ్వలేమనరు."

వదిన లెక్క వదినకుంది. పోయినేడు వాళ్లు ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌కు పోయొచ్చారు. అక్కడున్న పార్కుల్లో ఎప్‌కాట్ ఒక్కటే దాదాపు 300 ఎకరాలు. అందులో దేశదేశాల మండపాలు కట్టిన చెరువు ఉంది. దాని చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికే 1.2 మైళ్లు, అంటే దగ్గర దగ్గర 2 కిలోమీటర్లు. ఇక క్యూలు, ఆటలు, తిండి కోసం అటూఇటూ తిరిగే తిరుగుడు వేరే. అందుకే అక్కడ బండ్లు పార్కు వాళ్లే అద్దెకిస్తారు. 50 పౌండ్ల బరువున్న పిల్లల దాకా కూర్చోవచ్చు. మన లెక్కలో 22 కిలోల 700 గ్రాములు. బండ్లు మరీ ఎక్కువైపోయి జనానికి దారి లేకుండా పోతోందని 2019 మే 1 నుంచి సైజుకు కూడా హద్దు పెట్టారు. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటితే లోపలికి రానివ్వరు. కాబట్టి ఆరేళ్ల పిల్లకు బండి అనేది అక్కడ వింతేమీ కాదు. మన దగ్గర కూడా అవసరమా అన్నదే పంచాయితీ.

నేను స్ట్రోలర్‌ను తలకిందులు చేసి అడుగున స్టిక్కర్ చూశాను. దాని మీద కూడా 50 పౌండ్లే ఉంది. మన షాపుల్లో దొరికే మామూలు స్ట్రోలర్లలో చాలావాటి మీద 15 కిలోలనే రాసి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో ఐదేళ్ల మగపిల్లాడి బరువు సగటున 18 కిలోల పైనే. అంటే పెద్ద పిల్లలకు బండి కావాలా వద్దా అని మనం కొట్లాడుకునే వయసుకు మన అటకమీది పాత బండి ఎలాగూ పనికిరాదు. బరువు సంగతి పక్కన పెట్టినా, కాళ్లు పొడుగై పాదాలు నేలకు తగులుతుంటాయి. కదిలే బండిలోంచి కాళ్లు కింద పెడితే మడమలు దోక్కుపోతాయి. ఈ స్టిక్కర్ చూసే పని ఎవరూ చెయ్యరెందుకో.

"ఇరువై రెండు కిలోలా? అయితే నన్ను మొయ్యదన్నమాట," అంది అత్తమ్మ. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే స్ట్రోలర్ డిక్కీలోకి చేరింది. సాగర్‌లో ఎట్లుంటుందో చూసి, ఫిల్మ్ సిటీకి తీసుకుపోవాలా లేదా తేల్చుకుందామని మా ఆయన తీర్పు.

శనివారం, బుద్ధవనం

పొద్దున్నే బయల్దేరి హాలియాలో చాయ్ తాగి సాగర్ చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. హిల్ కాలనీ పక్కనున్న బుద్ధవనానికి నేరుగా పోయాం. థీమ్ పార్క్ అంటే తిరిగే చక్రాలు, అరుపులు అనుకునేవాళ్లకు ఇది వేరే రకం థీమ్ పార్క్. కృష్ణ ఒడ్డున 274 ఎకరాల్లో బుద్ధుడి జీవితాన్ని, జాతక కథల్ని శిల్పాల్లో చూపించారు. 2022 మే 14న మొదలైంది. మన జిల్లాలోనే ఉన్నా, ఇప్పటికీ డ్యామ్ చూసి, చేపలు తిని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ.

దారులు చదునుగా ఉన్నాయి. స్ట్రోలర్ చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. మేనకోడలు దర్జాగా కూర్చుంది. సరిగ్గా అక్కడే అసలు తలనొప్పి మొదలైంది. బండి కనిపించేదాకా మా చిన్నోడికి కాళ్లున్నాయన్న సంగతే గుర్తు లేదు. బండి కనిపించగానే నొప్పి పుట్టింది. "అమ్మా, నాక్కూడా." ఇంట్లో వాకిలి నుంచి వీధి చివరిదాకా పరుగెత్తి మళ్లీ వెనక్కి పరుగెత్తుకొచ్చే పిల్లాడు వాడు. కాసేపటికి ఎనిమిదేళ్లది కూడా వంతు అడిగింది. ముగ్గురు పిల్లలకు ఒక్క బండి ఉండేకన్నా అసలు లేకపోవడమే నయమనిపించింది. కథకొకరు చొప్పున వంతులు పెట్టాం.

ఆ వంతుల మార్పిడిలోనే ఒక చిన్న గండం తప్పింది. అత్తమ్మ తన గుడ్డసంచిని స్ట్రోలర్ హ్యాండిల్‌కు తగిలించింది. అందులో సకినాల డబ్బా, రెండు నీళ్ల సీసాలు, గొడుగు. మా చిన్నోడు కూర్చున్నంతసేపు ఏం కాలేదు. వాడు ఒక్క ఊపులో కిందికి దూకగానే ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి మొత్తం వెనక్కి తిరగబడింది. డబ్బా మూత ఊడి సకినాలు నేలపాలు. తర్వాత ఎక్కాల్సిన మేనకోడలు వెనకే నిలబడి ఉంటే బండి దాని మీదే పడేది. తేలిక బండ్లకు ఇది మామూలే. ముందున్న పిల్ల బరువే దాన్ని నిలబెడుతుంది, హ్యాండిల్‌కు సంచి వేలాడేస్తే ఆ లెక్క తప్పుతుంది. సంచి సీటు కింద బుట్టలో పెట్టాలి, లేదంటే మనమే భుజాన వేసుకోవాలి. పిల్ల పెద్దదయ్యేకొద్దీ దిగేటప్పుడు దూకుడు కూడా పెద్దదే కదా.

జాతక వనంలో 40 కథల శిల్పాలున్నాయి. అక్కడ బండి ఖాళీగా ఒక పక్కన నిలబడింది. ముగ్గురూ ఒక శిల్పం నుంచి ఇంకో శిల్పానికి ఉరికారు. జంతువు కనిపిస్తే చాలు, అత్తమ్మ తనకు తోచిన కథ చెప్పేసింది. అక్కడి బోర్డు మీది కథకు, ఆమె కథకు పొంతన లేకపోయినా పిల్లలు బోర్డును పట్టించుకోలేదు.

మహాస్తూపం దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. 42 మీటర్ల వ్యాసం, 21 మీటర్ల ఎత్తు, పాత అమరావతి స్తూపాన్ని మనసులో పెట్టుకుని కట్టింది. మెట్లెక్కాలంటే స్ట్రోలర్ కింద వదలాలి, వదిలితే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. మా ఆయన ఉండిపోయాడు. దిగొచ్చాక ఎండలో వెనక్కి నడిచిన ఆ దూరమే అసలు పరీక్ష. మేనకోడలు బండిలో నిద్రపోయింది. మా చిన్నోడు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు, ఇక అడుగు వెయ్యనని. 18 కిలోల పిల్లాడిని మా ఆయన భుజాల మీద మోశాడు. పెద్దది కుంటుతోంది. చూస్తే కొత్త బూట్లు కరిచి మడమ మీద పొక్కు. ఆ పొక్కుకు బండి మందు కాదు. ప్రయాణానికని ముచ్చటపడి కొనే కొత్త బూట్లు ఇంటి దగ్గరే కొన్నాళ్లు తొడగాలి.

పొద్దున నుంచి రెండు గంటలపాటు ఒక్కరూ కాళ్లనలేదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ముగ్గురూ అన్నారు. దూరం అంతే, కానీ దానికి ఎండా, నిద్ర వేళా కలిశాయి. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు తీసే పిల్లకు, ఆ అలవాటు ఎప్పుడో పోయిన పిల్లకు తేడా వయసులో కనిపించదు. బండి అవసరమా అని అడిగేవాళ్లను నేనైతే ముందు అదే అడుగుతాను: మీ పిల్ల పగలు పడుకుంటుందా?

ఆదివారం, నాగార్జునకొండ

కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుకే ఆదివారం పెట్టుకున్నాం. స్ట్రోలర్‌ను రూములోనే ఉంచేశాం. లాంచీలోకి ఎక్కే చెక్క మీద మనుషులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచేచోట బండేం చేస్తుంది?

లాంచీలో గాలికి పిల్లల జుట్టంతా రేగింది. డ్యామ్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశాడని, లోయ మునిగేలోపు అక్కడి ఆరామాలు, స్తూపాలు తవ్వి, కొన్నింటిని ఈ కొండ మీదికి తెచ్చి మళ్లీ పేర్చారని మా ఆయన చెప్పుకొచ్చాడు. పెద్దదానికి నీళ్ల కింద ఊరుందన్న మాట పట్టుకుంది. దిగేదాకా అంచు దగ్గర నుంచి కదల్లేదు, ఏమన్నా కనిపిస్తుందేమోనని.

దీవి మీద ఎక్కుడే ఎక్కుడు. చిత్రమేమిటంటే మేనకోడలు ఒక్క మాట అనకుండా నడిచింది. శనివారం బండి వదలని పిల్లే. వదినకే ఆశ్చర్యం. "బండి ఇంట్ల ఉన్నది, ఇక్కడ లేదు" అని ముందే చెప్పేసరికి దానికి బేరం పెట్టే దారి లేకుండా పోయింది. తిరుగు లాంచీలో మాత్రం తల్లి ఒళ్లో ఒరిగిపోయింది. అయినా తిరుగు లాంచీలో పడుకోని వాళ్లెవరు? అత్తమ్మ కూడా పడుకుంది.

సోమవారం, పానగల్లు

ఇంట్లో దుస్తులు ఉతుక్కుని, సాయంత్రం అలా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయాం. ఊరి పక్కనే కాబట్టి దీన్ని ప్రయాణం అనలేం. గర్భగుడిలో లింగం వెనక పగలంతా కదలకుండా నిలిచే నీడ ఏ స్తంభానిదో కనిపెట్టమని పిల్లలకు పందెం పెట్టాను. స్తంభం పక్కన నిలబడి చేతులు ఊపారు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కారు, ముగ్గురూ మూడు వేర్వేరు స్తంభాలు చూపించారు. నిజానికి ఒక్క స్తంభానిది కాదు, వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురుతో కొన్ని స్తంభాల నీడలు ఒక్కచోట కలుస్తాయంటారు. చీకటి పడేదాకా కాళ్ల నొప్పుల ఊసే లేదు.

రాత్రి భోజనాల దగ్గర మళ్లీ పంచాయితీ. ఫిల్మ్ సిటీ అంటే గిన్నిస్ రికార్డులో 1,666 ఎకరాలు. బుద్ధవనానికి ఆరింతలు. "అందుకే బండి కావాల్నంటున్న" అని వదిన. "అందుకే వద్దంటున్న, అన్ని ఎకరాలు నడిపిస్తరా ఏంది, బస్సులుంటయి" అని మా ఆయన. ఇద్దరూ ఒకే అంకె పట్టుకుని ఎదురెదురు వాదించారు. నాకు మా ఆయన మాటే సబబనిపించింది. ఎకరాలు కాదు, బస్సు దించే చోటి నుంచి చూసేచోటికి ఎంత దూరమన్నదే లెక్క. కానీ రోజంతా ఉండి, సాయంత్రం ఊరేగింపు దాకా ఆగుతామంటే వదిన భయం కూడా ఉత్తిది కాదు. తేలిక బండి కదా, తీసుకుపోదామనుకున్నాం. అయితే మా పిల్లలకు వంతులు లేవని, బండి మేనకోడలిదేనని రాత్రే చెప్పేశాం. చిన్నోడు మూతి ముడిచాడు గానీ ఒప్పుకున్నాడు.

మంగళవారం, రామోజీ ఫిల్మ్ సిటీ

నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి చిట్యాల, చౌటుప్పల్ దాటితే, హైదరాబాద్ ఊళ్లోకి పోకముందే ఫిల్మ్ సిటీ వచ్చేస్తుంది. నల్లగొండ వాళ్లకు ఇదొక సుఖం, ట్రాఫిక్ టెన్షన్ లేదు. తెల్లవారకముందే లేపిన పిల్లలు కారులో నిద్రపోయారు. సాయంత్రానికి అది అక్కరకొచ్చింది.

కారు పార్కింగులో పెట్టి టికెట్లు తీసుకుంటే అక్కడి నుంచి బస్సులో, లోపల టూర్ మొదలయ్యే యురేకా అనే చోటికి తీసుకుపోతారు. మొదటి బస్సు దగ్గరే స్ట్రోలర్ సంగతి తెలిసొచ్చింది. పిల్లను దించాలి. కింద బుట్టలోని సామాను తియ్యాలి. హ్యాండిల్ మధ్య బటన్‌ను బొటనవేలితో నొక్కి, కాలితో వెనక కడ్డీని తన్నితే ముడుచుకుంటుంది. వెనక క్యూలో జనం చూస్తుంటారు. బస్సెక్కి ఒళ్లో పెట్టుకోవాలి. దిగాక మళ్లీ విప్పాలి, సామాను సర్దాలి, పిల్లను ఎక్కించాలి. యురేకా నుంచి సినిమా సెట్లు చూపించే ఎర్ర బస్సులెక్కినప్పుడల్లా ఇదే తంతు. ఒక సెట్టు దగ్గర దించుతారు, చూసి రాగానే ఇంకో బస్సు. మధ్యలో పిల్ల కూర్చునేది పట్టుమని పది నిమిషాలు కాదు. మధ్యాహ్నానికి వదిన విప్పడం మానేసి, బండిని చేతికర్రలా మోస్తూ తిరిగింది. పిల్ల మాత్రం మా వాళ్లతో పాటు ముందు ఉరుకుతోంది.

బస్సులు దగ్గరదగ్గరగా తిప్పే చోట బండి పనికి అడ్డమే. ఆ మాట వదిన తనే అంది, నేననలేదు.

పిల్లల కోసమున్న ఫండుస్థాన్‌లో అయితే పట్టుకోవడం మా వల్ల కాలేదు. చిన్నోడి చేతి మీద ముందే పెన్నుతో ఫోన్ నంబరు రాశాను. పెద్ద పిల్లల విషయంలో నాకు నడక కన్నా తప్పిపోవడమే భయం. వదిన కూడా డిస్నీలో బండి తెచ్చుకున్న అసలు కారణం అదేనంది. అంత జనంలో పిల్ల బెల్టు పెట్టుకుని కూర్చుంటే తల్లికి ఊపిరాడుతుంది. ఈ మాట శుక్రవారం చెప్పి ఉంటే అత్తమ్మ అంత ఎగిరేది కాదు.

మధ్యాహ్నం భోజనం తర్వాత మా ఆయన ఒక పని మంచిగా చేశాడు. చూడాల్సినవి ఇంకా ఉన్నా, నీడలో గంటసేపు కూర్చుందామన్నాడు. టికెట్టుకు అంత డబ్బు పెట్టి కూర్చోవడమేంటని నాకు ప్రాణం కొట్టుకుంది. కానీ పిల్లలు మజ్జిగ తాగి, బూట్లు విప్పి, కాళ్లు చాపుకున్నారు. పెద్దదానికి ఈసారి పాత చెప్పులే. లేచాక స్టంట్ షో, ఆ తర్వాత పక్షుల పార్కు, ఒక్కరూ గునగలేదు. షోలన్నీ కూర్చుని చూసేవే కాబట్టి, ఒక నడకా ఒక కూర్చోవడమూ అన్నట్టు రోజును పేర్చుకుంటే ఐదారేళ్ల పిల్లలు తట్టుకుంటారు.

బండి అక్కరకొచ్చింది సాయంత్రం. ముగింపు ఊరేగింపు కోసం జనం యురేకా దగ్గర గుమిగూడారు. నిలబడి చూడటమే. మేనకోడలు బండిలో ఒరిగి, డప్పులు మోగుతుంటే నిద్రపోయింది. చిన్నోడు తండ్రి భుజం మీద. పెద్దది మాత్రం నిలబడ్డచోటే ఎగురుతోంది. అత్తమ్మ గట్టు మీద కూర్చుని తన మోకాళ్లు తనే వత్తుకుంటూ, నిద్రపోతున్న మనవరాలి కాళ్ల మీద కొంగు కప్పింది. బండిని మాత్రం ఏమీ అనలేదు.

ఆ గంటసేపటి కోసం రోజంతా మోయడం దండగా కాదా అంటే, మాకైతే దండగే. చిన్నోడిని గంటసేపు ఎత్తుకోగల మనిషి వెంట ఉన్నాడు కాబట్టి ఈ మాటంటున్నాను. ఒక్కతే తల్లి ఇద్దరు పిల్లలతో పోతే నేను ఇంత గట్టిగా చెప్పలేను.

తిరుగు దారిలో చౌటుప్పల్ దగ్గర చాయ్‌కి ఆగాం. పిల్లలు కారులోనే పడుకున్నారు. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కు మళ్లీ ఫ్లోరిడా పోతున్నామని, అక్కడికి బండి తీసుకుపోవడం ఖాయమేనని వదిన చెప్పింది. పార్కులో అద్దె కట్టే బదులు సొంతదే నయమట. పైగా అక్కడ ఆటల బయట బండ్లు నిలబెట్టడానికి విడిగా చోటుంటుంది, పొద్దస్తమానం మడిచి మొయ్యక్కర్లేదు. నేను తలూపాను. అక్కడి నడకకు అది తప్పదు.

"మనోళ్లను గూడ తోల్కరా ఒకసారి అక్కడికి," అంది వదిన తమ్ముడితో. "చిన్నోనికి ఇంకో బండి అద్దెకు తీస్కుందాం."

"టికెట్లకు పైసలు జమజేసేసరికి వాడు 22 కిలోలు దాటుతడు అక్కా," అన్నాడు మా ఆయన, చాయ్ గ్లాసు కింద పెడుతూ.

"అయితే నడుస్తడు తియ్యి," అంది అత్తమ్మ.